మైదుకూరులో ఆడిన కుండల సినిమా

పొద్దున ఆరున్నరకు కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడేలోపే ఆ అద్దం కదలదని తెలిసింది. ఇట్లాంటి సీట్లే నా మొహాన రాసిపెట్టి ఉంటాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోయే ఈ దారిలో ఎక్కడా దిగకుండా కూర్చుంటే మధ్యాహ్నానికల్లా కడప చేరవచ్చు. నేను మాత్రం మైదుకూరు వరకే టికెట్టు తీసుకున్నాను. అక్కడ ఒక సినిమా సంగతి తేల్చుకుని కడపకు పోవాలి.

కడపలో నా స్నేహితుడు ఖాదర్ ఉన్నాడు. ఇద్దరమూ కోయిలకుంట్లలో ఒకే వీధిలో పెరిగాం. ఇప్పుడు నాకు కర్నూలులో బోరు మోటార్ల అంగడి. వాడు కడపలో టీవీలు, రేడియోలు బాగుచేస్తూ బతికాడు. ఏడాదికి పైగా వాడికి మతిమరుపు జబ్బు. మొదట తాళంచెవులు మరిచిపోయాడు, తర్వాత వీధులు, ఈమధ్య మనుషులు.

మమ్మల్ని కలిపింది కుంగ్‌ఫూ సినిమాలు. పెద్ద కంపెనీలు పేరున్న హీరోలతో తీసినవి కాదు, అవి పట్నం థియేటర్లకు వచ్చేవి. మా ఊరి డేరా టాకీసుకు వచ్చేవన్నీ ఊరూపేరూ లేని చిన్న కంపెనీల సినిమాలు. చైనా భాషో, ఏ భాషో, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అసలు పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. తడి బట్టలు తిప్పి కొట్టేవాడిది చాకలి సినిమా. గడ్డకట్టిన ఏటి మీద అక్కాచెల్లెళ్ళు కొట్టుకునేది మంచు సినిమా. మా ఎండల్లో కూర్చుని ఆ మంచును చూస్తుంటే ఒళ్ళు చల్లబడేది. నా మటుకు నాకు ఇప్పటికీ దాని తర్వాతే ఏదైనా.

ఆ పిచ్చి తగ్గలేదు. మాలాంటివాళ్ళందరం కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఏ సినిమా గొప్పదో అక్కడ రోజూ తగవే. కోసిగి ఈరన్న అని ఒకడున్నాడు, వానలు లేని కాలంలో బెంగళూరుకు పోయి ఇళ్ళు కట్టే పని చేస్తాడు. చాకలి సినిమాను ఎవరైనా ఒక్క మాటంటే పనిలో నుంచే గొంతు రికార్డు చేసి పంపుతాడు. "పెద్ద కంపెనీ సినిమాల్లో దుడ్లు కనపడతాయప్పా, కష్టం కనపడదు. చిన్న కంపెనీ వాళ్ళది ఒక్కో దెబ్బా నిజంగా తగిలినట్లే ఉంటాది" అని వాడి వాదన. దీంట్లో మాత్రం నేను వాడి పక్షమే.

ఖాదర్‌ది కుండల సినిమా. కరువు ఊరి పిల్లవాడొకడు విద్య నేర్చుకోవడానికి కొండ మీది గురువు దగ్గరకు పోతాడు. గురువు విద్య నేర్పడు. చాచిన చేతుల్లో రెండు నీళ్ళకుండలు పెట్టి రోజూ కొండ ఎక్కిస్తాడు. ఏళ్ళు గడిచాక ఆ చేతులే ఆయుధాలవుతాయి. ఇంతవరకు మా ఇద్దరికీ పేచీ లేదు. ముగింపు దగ్గరే కొట్లాట. నేను కోయిలకుంట్లలో మొదటి రోజే చూశాను. దుర్మార్గుడి చేతిలో గురువు చచ్చిపోతాడు, శిష్యుడు కుండలు పగలగొట్టి ఒంటరిగా వెళ్ళిపోతాడు. ఖాదర్ చూసింది మైదుకూరులో. వాడు చెప్పే కథలో గురువు చావడు. కొండ దిగి నడిచి వస్తాడు, శిష్యుడి తల మీద చెయ్యి పెడతాడు, ఇద్దరూ ఒకే గిన్నెలో అన్నం తింటారు.

"కలగన్నావురా" అని నేను ఎక్కిరించేవాణ్ణి. "కలైతే శిష్యుని చొక్కా రంగు మారినట్లు గూడా కలొస్తాదా? అంతవరకు నీలం చొక్కా, గురువు దిగొచ్చేటప్పటికి మట్టిరంగు చొక్కా. ఏండ్లు గడిచినాయని అర్థంరా, నీకు సినిమా చూసేది రాదు" అని వాడు తిప్పికొట్టేవాడు.

వాడికి అది ఉత్త సినిమా కాదు. ఆ రోజుల్లో ఖాదర్ వాళ్ళ నాయనతో గొడవపడి ఇల్లు వదిలేసి, మైదుకూరులో ఒక రేడియో అంగడిలో పనికి కుదిరాడు. ఏడాది పాటు తండ్రీకొడుకులకు మాటల్లేవు. కుండల సినిమా చూసి డేరాలో నుంచి బయటికొచ్చినవాడు, దొరికిన లారీ ఎక్కి నేరుగా కోయిలకుంట్లకు వచ్చాడు. ఆ రోజు నాయనతో కలిసి ఒకే కంచంలో తిన్నాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో కాకముందే ఆయన పోయాడు. "ఆ సీను చూడకుండా ఉంటే మా నాయనతో మాట్లాడకుండానే ఉండిపోతాంటినప్పా" అని చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవాడు.

పోయిన వారం వాడి భార్య జైబూన్ ఫోన్ చేసింది. కొడుకు ఆ సినిమాను ఫోన్‌లో ఎక్కడో పట్టుకుని తండ్రికి చూపించాడట. గురువు చచ్చిపోయాడు. "చూడు నాయనా, నువ్వు చెప్పేది అబద్ధం, నీ తల సరిగ్గా లేదు" అన్నాడట. "ఆ పొద్దంతా ఏడ్చినాడన్నా. అప్పటినుంచి మాట్లాడేదే తగ్గించినాడు. నువ్వొక్కసారి రా" అంది. ఆ కొడుకు మీద నాకు ఒళ్ళు మండింది. జబ్బు మనిషి దగ్గర మిగిలిందే ఒకటి, దాన్ని కూడా గుంజుకోవాలా? కానీ వాడు చూపించింది నిజమే కదా, ఏం తిట్టేది! ఒక్కటే అనుకున్నాను. ఆ సినిమా మైదుకూరులో ఎట్లా ఆడిందో కనుక్కోవాలి. ఖాదర్‌కు గుర్తున్న ఆ కాస్తా పోకముందే కనుక్కోవాలి.

నంద్యాలలో బస్సు పావుగంట ఆగింది. బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ దారిన పోయేవాళ్ళు బజ్జీ కొరికేముందు టీ చెప్పి పెట్టుకోండి, కారం అట్లాంటిది. నంద్యాల దాటాక ఎడమవైపు నల్లమల కొండలు బస్సు వెంటే వస్తాయి. చేలలో శనగ కోసేశారు, నల్లరేగడి నోళ్ళు తెరుచుకుని ఉంది.

ఆళ్ళగడ్డలో ఒక పెద్దాయన ఉల్లిగడ్డల మూటతో ఎక్కి నా కాళ్ళ మీదే దాన్ని పెట్టాడు.

"యాడికి పోతాండావప్పా?" అని అడిగాడు.

"మైదుకూరుకు. ఒక పాత సినిమా గురించి అడగాల."

"ఈ వయసులో సినిమానా! ఇంట్లో పొమ్మన్నారా ఏంది?" అని పెద్దగా నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ దిగేటప్పుడు నాలుగు ఉల్లిగడ్డలు తీసి నా సంచిలో వేశాడు. వద్దంటే వినలేదు.

మైదుకూరులో దిగేటప్పటికి పదిన్నర దాటింది. ఎండ అప్పుడే నెత్తి మీదికి వచ్చింది. డేరా ఉండిన చోట ఇప్పుడు పసుపు గోదాము ఉంది, వీధంతా పసుపు ఘాటు. టాకీసు ఎవరిదని అడిగితే ఎరువుల అంగడి రంగయ్యశెట్టి దగ్గరకు పొమ్మన్నారు. ఆ టాకీసు ఆయన తండ్రిదే. వయసులో ఉన్నప్పుడు టికెట్లు చించడం మొదలుకుని రీళ్ళు తిప్పడం వరకు ఈయనే చూసుకున్నాడట. ఇప్పుడు ఎనభైకి దగ్గర. ఎందుకొచ్చానో చెప్పగానే ముసలాయన మొహం వెలిగింది.

"ఆ సినిమా పెట్టెనా! మర్చిపోయేదెట్లప్పా. కోయిలకుంట్లలో ఆడించి పంపినారు. తెరిచి చూస్తే కడా రీలు, ముగింపు ఉండేది, కాలిపోయుండాది. ఆఖరి రోజు మిషన్లో ఇరుక్కోని కాలిందంట, చెప్పకుండా అట్లే పంపినారు దొంగలు."

"మరి ఆట ఆపేసినారా?"

"ఆపితే జనం డేరా పీకి పందిరేస్తారు! అంతకుముందు ఆడిన ఇంకో కుంగ్‌ఫూ సినిమా పెట్టె మా దగ్గరే పడుండాది. దాని కడా రీలు తీసి దీనికి అతికిచ్చినాం. ఆ గురువుకూ తెల్లగడ్డమే, ఈ గురువుకూ తెల్లగడ్డమే. వాళ్ళ మాటలు ఈడ ఎవనికి తెలుస్తాయి?"

"ఆ రీల్లో గురువు కొండ దిగొస్తాడా? ఇద్దరూ ఒకే గిన్నెలో తింటారా?"

"తినేదే గదా అండ్ల ముగింపు. శానా బాగుంటాది. జనం ఈలలేసినారప్పా, మళ్ళా మళ్ళా చూసినారు. మా నాయన గూడా అసలుదానికంటే మన అతుకే బాగుండాదని మురిసిపోయినాడు."

శిష్యుడి చొక్కా సంగతి అడిగాను. ఆయన పళ్ళు లేని నోటితో నవ్వి, "చొక్కా ఒకటే గాదు, మనిషే మారిపోయినాడు. దూరం నుంచి కనపడల్యా" అన్నాడు.

అంగడి ముందు నిలబడి నేను పిచ్చివాడిలా నవ్వాను. నవ్వుతూనే కళ్ళు నిండాయి. ఖాదర్ అబద్ధం చెప్పలేదు, కల కనలేదు. వాడు చూసిందే చెప్పాడు. చొక్కా రంగుతో సహా కళ్ళతో చూసింది చూసినట్లే చెప్పాడు. తప్పిందల్లా వాణ్ణి నమ్మని మేమే. శెట్టిగారి చేతులు పట్టుకుని ఊపేసి బస్టాండుకు దాదాపు పరుగెత్తాను. ఈ వయసులో పరుగేమిటని మోకాళ్ళు తిట్టాయి.

కడప బస్సులో నిలబడే పోయాను. చెన్నూరు దగ్గర పెన్నలో నీళ్ళు లేవు, ఇసుకే. కడపలో దిగి ఆటో మాట్లాడుకునేటప్పుడు ఆటో అతను కారం దోశ తిని పొమ్మన్నాడు. ఆకలి లేదన్నాను. నిజంగానే లేదు. ఖాదర్ మొహం ఎట్లా వెలుగుతుందో, నన్ను ఎన్ని తిట్లు తిడతాడో, అదే నా ధ్యాస.

జైబూన్ తలుపు తీసింది. చిక్కిపోయింది. చెప్పులైనా విడవకుండా ఉన్న సంగతంతా గడపలోనే కక్కేశాను. కాలిన రీలు, అతికించిన రీలు, అన్నీ. ఆమె విని అట్లాగే గోడకు ఆనుకుని కిందకు కూలబడింది.

"అట్లయితే ఆ మనిషి నిజమే చెప్పినాడా అన్నా? తప్పు చెప్తే సరిదిద్దండి అని డాక్టరు అన్నాడని, చెప్పినప్పుడల్లా కాదు కాదు అంటిమే. మా పిల్లోడైతే నోటికొచ్చినట్లు మాట్లాడె. అయ్యో అల్లా, నిజం చెప్పే మనిషిని నోరు మూయిస్తిమే!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఖాదర్ లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. కొత్తవాళ్ళను చూసి నవ్వే నవ్వు అది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"రేయ్ ఖాదరూ, నువ్వే గెలిచినావురా. కుండల సినిమాలో గురువు చావలేదు. మైదుకూరులో అడిగొచ్చినా."

"ఏ సినిమాప్పా?"

"కుండల సినిమారా."

ఆలోచించాడు. పాపం, నా కోసమే శానాసేపు ఆలోచించాడు. "చూడలేదప్పా" అన్నాడు.

ఎంత ఆశతో వచ్చానో నాకే తెలుసు. వారం ముందు వచ్చి ఉంటే, అసలు ఫోన్‌లో ఆ సినిమా చూపించకముందే వచ్చి ఉంటే! లేచి బయటికి పోదామనిపించింది. పోలేదు. కథ చెప్పడం మొదలుపెట్టాను. కరువు ఊరు, కొండ, నీళ్ళకుండలు, దుర్మార్గుడు, అన్నీ చెప్పాను. ముగింపు దగ్గరకు వచ్చేటప్పటికి వాడు ఎట్లా చెప్పేవాడో అట్లాగే చెప్పాను. గురువు కొండ దిగడం, తల మీద చెయ్యి, ఒకే గిన్నె, మట్టిరంగు చొక్కా కూడా వదల్లేదు. ఖాదర్ చిన్నపిల్లవాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. జైబూన్ తలుపు దగ్గర నిలబడి విన్నది, ఈసారి ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

"శానా బాగుండాది. యాడ ఆడుతాండాది?" అన్నాడు ఖాదర్.

"మైదుకూరులో" అన్నాను.

"పోదాం పా. మా నాయనను గూడా పిలుచుకోని పోదాం. ఆయప్ప నామీద కోపంగా ఉండాడు. ఈ సినిమా చూస్తే మాట్లాడతాడు."

సరేరా అని తల ఊపాను. జైబూన్ పెట్టిన అన్నం ఎట్లా తిన్నానో గుర్తు లేదు. నాలుగున్నరకు బయలుదేరుతుంటే వాడు నిద్రపోతున్నాడు, చెప్పకుండానే వచ్చేశాను.

తిరుగు బస్సు ఖాళీగా ఉంది. కిటికీ తెరుచుకుంది, గాలి బాగానే వచ్చింది. ఈ దారి మంచిదే, రోడ్డు బాగుంది, ఒక్క రోజులో పోయిరావచ్చు. పోవాల్సినవాళ్ళు ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి, నేను చెప్పగలిగింది అంతే. ఒక మనిషి నిజం చెప్పాడని రుజువు తీసుకుని పోయాను. ఆ రుజువు ఇప్పుడు ఆ మనిషికి అక్కర్లేదు. నాకూ జైబూన్‌కూ మిగిలింది, మోయాల్సింది మేమే.

మైదుకూరు దాటుతుండగా ఫోన్ మోగింది. జైబూన్.

"అన్నా, నిద్ర లేసి తెల్లచొక్కా ఏసుకోని గడపలో కూర్చున్నాడు. వాళ్ళ నాయన వస్తాడంట, సినిమాకు పోవాలంట. ఎంత పిలిచినా లోపలికి రాడు. ఏం చెప్పమంటావు?"

"వస్తాండాడని చెప్పమ్మా" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. పక్కకు తిరిగి, "వస్తాండాడంట. నేనూ ఈడనే కూర్చుంటా జరుగు" అనడం వినిపించింది. ఖాదర్ ఏదో అన్నాడు. బస్సు రొదలో నాకు ఆ మాట అందలేదు.