అడుక్కొచ్చిన వెండి

మొన్న మునిమనవడి చేతులకు వెండి మురుగులు కొందామని మనవరాలు నన్ను అమీర్‌పేటలోని ఒక నగల దుకాణానికి తీసుకుపోతే, అక్కడి అతను మేలిమి వెండి చూపించమంటారా, కలిపినది చూపించమంటారా అని అడిగాడు. నగలు చేసే అవుసులాయన బిడ్డను కదా, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని మనవరాలు నా వైపు చూసింది. నాకు మా నాయన కుంపటి గుర్తొచ్చింది.

పెద్ద యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో అమీర్‌పేట అంటే కొన్ని పెంకుటిళ్ళు, తోటలు, పంజగుట్ట దాకా రాళ్ళబాట. నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా నాయన వసారాలో కుంపటి పెట్టుకుని వెండిపని చేసేవాడు. కడ్డీ వెండి మెత్తన, ఊరికే వంగుతుంది. పాత రూపాయల వెండి గట్టిది, కడియాలకు నిలుస్తుంది. జనం తెచ్చే విరిగిన నగల్లో రాగి ఎంతో, అతుకులెన్నో దేవుడికే ఎరుక అనేవాడు. కల్తీ అంటే ఆయనకు ఒళ్ళుమంట.

నా తర్వాత పుట్టిన ఇద్దరూ పాలు మరవకముందే పోయారు. అందుకే తమ్ముడు పుట్టాక మా అమ్మ, అటువంటి తల్లులు చేసేదే తానూ చేసింది. పంజగుట్ట దాకా ఇల్లిల్లూ తిరిగి కొంగుపట్టి వెండి అడుక్కొచ్చింది. పదిళ్ళ బిచ్చం ఉన్నదున్నట్టే కలిపి చేసిన కడియం తొడిగితే, వీడెవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు పక్కనుంచి పోతుందని నమ్మకం. ఒకరు తెగిన పట్టీ ముక్క, ఒకరు అరిగిన మెట్టె, ఒకరు చొక్కా బొత్తం ఇచ్చారట.

నాయన ఆ వెండిని చూసి ఓర్చుకోలేకపోయాడు. కన్నకొడుకు చేతికి ఈ మురికేమిటి అనుకున్నాడో ఏమో, అమ్మ నీళ్ళకు పోయిన వేళ చూసి, సీసం వేసి కరగబెట్టి, ఆ సీసంతోపాటే కల్తీ అంతా తీసేసి, పాలలాంటి వెండితో కడియం చేశాడు. ప్రేమతోనే చేశాడు, ఆ మాట నేనెక్కడైనా చెప్తాను. అమ్మ మాత్రం దాని తెలుపు చూసి కూలబడింది.

"పదిండ్ల బిచ్చం మంటల కలిపితివి గదయ్యా, గిప్పుడు గిది ఒట్టి వెండి."

"పిచ్చిదానా, కల్తీ పోయింది గాని వెండి యాడికి పోతది?" అని నాయన నవ్వాడు.

మళ్ళీ అడుక్కురావాలని అమ్మ అనుకుంటూ ఉండగానే తమ్ముడికి జ్వరం తగిలింది. వారం తిరగకుండానే పోయాడు.

అమ్మ ఆ తర్వాత ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. తిట్టినా బాగుండేది, ఆ మౌనమే నాయనను లోపల్లోపల తినేసింది. కుంపటి ఆర్పేసి ఎర్రమంజిల్ దిక్కున తోటపనికి కుదిరాడు, పనివాడని పేరున్న ఆ చేతులు మళ్ళీ వెండి ముట్టలేదు.

ఇప్పుడు పసివాళ్ళ జ్వరానికి మందులున్నాయి, వీధికో ఆసుపత్రి ఉంది, కడియానికీ ప్రాణానికీ పొత్తు లేదని బడిపిల్లలు సైతం చెప్తారు. ఆ మాట మా నాయనకు చెప్పేవాళ్ళు ఆనాడు ఒక్కరూ లేకపోయారు. కొడుకును తన చేతులతోనే చంపుకున్నానని నమ్ముతూనే ఆయన కన్నుమూశాడు.