ఎస్సెంపీఎస్ బిగించిన ఆదివారం

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక అగ్నిప్రమాదం కథ. ప్రాణనష్టం లేదు. పరువునష్టం మాత్రం భారీగా జరిగింది, అదీ పూర్తిగా నాదే.

అప్పట్లో నేను బందరులో కొత్త గుమాస్తాని. రత్నకుమారిగారని, రిటైరైన టీచరుగారి మేడ మీద పోర్షన్‌లో అద్దెకుండేవాణ్ణి. మాది ముదినేపల్లి. బస్సెక్కితే ఇల్లే, కానీ వెళ్తే "పెళ్ళెప్పుడు?" అంటారని ఆదివారాలు కూడా వెళ్ళేవాణ్ణి కాదు. ఆఫీసు దాటితే నాతో మాట్లాడేది హోటల్లో సర్వరొక్కడే. "ఇంకో వడ వెయ్యమంటారా?" అనేవాడు. ఆ మాట కోసమే రెండో వడ తినేవాణ్ణంటే నమ్ముతారా?

గదిలో చప్పుడు చేసే ప్రాణి పాత కంప్యూటరు. పనున్నా లేకపోయినా రాగానే ఆన్ చేసేవాణ్ణి. దాని ఫ్యాను గుర్రుమంటుంటే పక్కన ఎవరో గురక పెట్టి పడుకున్నట్టుండేది. చెప్పుకోడానికి సిగ్గేగానీ, ఆ గురకతో నాకు ధైర్యంగా ఉండేది.

అలాంటి రోజుల్లో పక్క సీటు డేవిడ్ రాజుగారు, "తమ్ముడూ, ఆదివారం మ్యాచ్ మీ గదిలో చూద్దామా? మా ఇంట్లో టీవీ పిల్లలది" అన్నారు. నా గదికి మనిషి వస్తున్నాడు! గది ఊడ్చాను, కడిగాను, కడిగిందే మళ్ళీ కడిగాను. జంతికలు, కారప్పూస, లడ్డూలు పెళ్ళివారికి తెచ్చినట్టు తెచ్చాను. శనివారం సాయంత్రం కంప్యూటరు కన్నుమూసింది.

కంప్యూటర్ల షాపాయన చూసి, "ఎస్సెంపీఎస్ పోయింది బాబూ. లోపలికి కరెంటిచ్చే డబ్బా. సోమవారం మెకానిక్కుని పంపిస్తా" అన్నాడు.

"రేపే మ్యాచండీ!"

"అయితే కొత్తది ఇస్తాను, మీరే బిగించుకోండి. ముందు ప్లగ్గు పీకెయ్యండి. పీకాక కూడా పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. పాత డబ్బా మూత మాత్రం చచ్చినా విప్పకండి. ప్లగ్గు పీకినా అందులో కరెంటుంటుంది."

ఆదివారం పొద్దున్నే అన్నీ చేశానండీ! ప్లగ్గు పీకాను, బటన్ నొక్కాను, ఏ వైరు ఎక్కడుందో ఫోన్లో ఫోటో తీసుకున్నాను. పాతది జాగ్రత్తగా ఊడదీశాను. కొత్తది చేతిలోకి తీసుకున్నాను. దాని ఒంటి మీద ప్లాస్టిక్ కవరు తళతళలాడుతోంది. విప్పబోయాను. మనసొప్పలేదు.

మీ ఇంట్లో టీవీ రిమోటు ఎలా ఉంది? కవర్లోనే కదూ? మాది కూడా అంతే. మా నాన్నగారి బండి సీటు కవరు బండి అమ్మేదాకా విప్పలేదు. కొన్నాయన ముందు ఆ కవరే మెచ్చుకున్నాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, కొత్త సామాను బందరు ఉప్పుగాలికి వదిలేస్తానా? వైర్లకీ ప్లగ్గుకీ సరిపడా బ్లేడుతో కోసి, కవరుతో సహా లోపల పెట్టి స్క్రూలు బిగించేశాను. గాలికి చిల్లు అంటారా? లోపల మనిషేమైనా ఉన్నాడా?

ఆన్ చేస్తే వెలిగింది. ఫ్యాను చప్పుడు కూడా లేదు. కొత్తది కదా, ఎంత మర్యాదగా ఉందో అని మురిసిపోయాను. కోసిన కవరు అంచు జాలీలోంచి దూరి రెక్కలకి చుట్టుకుని అది అసలు తిరగడమే లేదని ఎవరనుకుంటారు?

పళ్ళేలు సర్దుతుంటే ఫోన్ మోగింది.

"తమ్ముడూ, ఏమనుకోకు. బంటుమిల్లి నుంచి మా అత్తగారు వాళ్ళొచ్చారు. ఇంకోసారి వస్తాలే."

"అయ్యో, ఫర్వాలేదండీ! నాక్కూడా పనుంది" అన్నాను. ఏం పనో దేవుడికే తెలియాలి. మ్యాచ్ పెట్టుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. అన్ని పళ్ళేలు ఎదురుగా పెట్టుకుని ఒక్కడే కూర్చుంటే ఎలా ఉంటుందో నన్నడగండి. ఏడుపొచ్చింది. కళ్ళు మండుతున్నాయి. ఏడుపుకి ఇంత మంటా అని తలెత్తి చూస్తే, గదంతా పొగ!

"మంటలు! మంటలు!" అని మేడ మీంచి అరిచాను. కింద రత్నకుమారిగారు మెయిన్ కట్టేశారు. ఎదురింటాయన బిందెతో పరిగెత్తుకొచ్చాడు.

"నీళ్ళు పొయ్యకండి బాబాయ్‌గారూ!"

"మరి పొగో?"

"అది కవరండీ!"

ఆయన పొగ ఆగాక వంగి, సీపీయూ వెనకనుంచి కరిగి సాగుతున్న ప్లాస్టిక్కుని చూశాడు. "దీనికి పట్టుచీర కట్టి కూర్చోబెట్టావేంటయ్యా?" అన్నాడు. వీధంతా నవ్వింది. అవును, వీధంతా. అప్పటికి మెట్ల మీద కూడా చోటు లేదు.

వచ్చినవాళ్ళు వెంటనే వెళ్ళలేదు. కిటికీలు తీశారు, చాప పరిచారు. పళ్ళేలు చూసి, "మేమొస్తామని ముందే తెలుసా?" అని కారప్పూస అందుకున్నారు. లడ్డూలు క్షణంలో అయిపోయాయి. రత్నకుమారిగారు కింద నుంచి మజ్జిగ తెప్పించారు. మే నెల ఎండలో, కరెంటు లేని గదిలో, కాలిన ప్లాస్టిక్ కంపులో నాకు ఒక్కసారి కూడా ఉక్క తెలియలేదు.

వెళ్తూ వెళ్తూ ఎదురింటాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "కొత్తగా దిగావా బాబూ?"

"లేదండీ. దసరాకి ముందే వచ్చాను."

ఆయన చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. "తలుపు కొట్టొచ్చు కదయ్యా" అన్నాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మనుషులు కావాలనిపిస్తే కంప్యూటర్లు తగలబెట్టను. మెట్లు దిగి వెళ్ళి, పక్కవాళ్ళ తలుపు కొడతాను.