పటంలో పట్టని సుతిలి

మొన్న చౌటుప్పల్‌లో మా బిడ్డ ఇంటి ముందుకు కూరగాయల బండి వస్తే, బెండకాయల ధర తెగ్గొట్టి, తెగ్గొట్టినందుకు సంతోషంగా గుప్పెడు కరివేపాకు కూడా ఉచితంగా రాబట్టుకుని నేను విజయగర్వంతో లోపలికి వచ్చేసరికి, హైదరాబాదులో డిజైను చదువుతున్న మా మనవరాలు తన కంప్యూటరు నా ముందుకు జరిపి, అందులోని పటం చూసి ఏమర్థమైందో చెప్పమంది. ఏ కాలనీకి ఎన్ని నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయో చూపే పటమట, కాలేజీలో ఇచ్చిన అభ్యాసమట. నీలం రంగు గుండ్రాలు, పెద్దవీ చిన్నవీ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చూడముచ్చటగానే ఉన్నాయి. నేను కళ్లద్దాలు సవరించుకుని, అటూ ఇటూ చూసి, మూలన ఏదో అంటుకున్నట్టుంటే గోటితో గీకాను. "అంటుకోలేదు అమ్మమ్మా, అది గూడ ఒక కాలనీయే!" అని పిల్ల పడిపడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అటువంటి చుక్కనే అరవై ఏళ్ల కిందట నేనూ ఒకటి పెట్టాను, అదీ నీళ్ల పటంలోనే.

నేను పుట్టి పెరిగింది భువనగిరిలో, కిరాణా అంగడి వెనక ఇంట్లో. మా బాపుకు అంగడి సర్దడం ఒక విద్య. మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో ఉప్పు బస్తా ఎప్పుడూ అంగడి బయటే ఉండేది, ఉప్పెవరూ ఎత్తుకుపోరని ధీమా; బెల్లం మాత్రం ఈగలకూ పిల్లలకూ అందనంత లోపల ఉండేది. మిరపకాయల గంపలో ఎర్రగా నిగనిగలాడేవి పైన, తాలు కాయలు అడుగున. మంచి సరుకు కండ్లకు, నడిమి సరుకు చేతికి, తాలు అడుక్కు అనేది మా బాపు సూత్రం. అది మోసమని మాలో ఎవరికీ తోచేది కాదు. పెండ్లికి పోయేటప్పుడు చిరుగు లేని చీర కట్టుకోవడం మోసమా? నేను కూడా ఆ గంపల మధ్యనే మాటలు నేర్చాను కనుక, బేరమాడకుండా ఏ వస్తువూ, ఆఖరికి నిద్ర కూడా తీసుకోలేని మనిషినయ్యాను.

మెట్రిక్ గట్టెక్కిన ఆడపిల్లను ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియక, నల్లగొండలో మా మేనమామ ఉన్నాడు గదా అని అక్కడి పంతుళ్ల ట్రైనింగులో చేర్పించారు. ఆ ట్రైనింగులో డ్రాయింగు సారు ఒకాయన ఉండేవారు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్కతో. డ్రాయింగంటే చిలకనో మామిడిపండునో గీయిస్తారని మేమనుకుంటే, ఆయన మొదటి రోజునే ఇంటినుంచి ఏవైనా పది వస్తువులు తెమ్మని, బల్లమీద ఒక వరసలో పెట్టమని, ఏ లెక్కన పెట్టామో పక్కవాళ్లు చూసి కనిపెట్టాలన్నారు. నేను ఏది ముందు అమ్ముడుపోతుందో ఆ వరసలో పెట్టాను. ఎవరూ కనిపెట్టలేదు. వాళ్లకు వ్యాపారం తెలియదని నేను వాదిస్తే, "సర్దినోళ్లకు తెలిస్తే ఏం లాభమమ్మా, చూసెటోళ్లకు తెల్వాలె" అని పదికి మూడు మార్కులు వేశారు. నేను బేరమాడి నాలుగు చేయించుకున్నాను. ఆ ఒక్క మార్కు సంబరంలో ఆయన చెప్పిన మాట చెవికెక్కలేదు.

తరువాత ఇంకా చిత్రమైన అభ్యాసాలు చేయించారు. ఒక్క అక్షరం రాయకుండా మీ ఇంటి దారి చూపండి, వారం రోజుల మీ ఇంటి వంట చూపండి, ఇటువంటివి. ఆ ఏడాది వేసవి ముందర అన్నిటికంటే పెద్ద అభ్యాసం వచ్చింది. ఒక్కొక్కరు ఒక్కొక్క పల్లెకు పోయి, అక్కడి నీళ్ల సంగతి తెలుసుకుని, మనిషికొక్క కాగితం చొప్పున, చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు పటం చేయాలి. పటాలన్నీ స్కూలు వరండాలో రెండు రోజులు వేలాడదీస్తారు. బ్లాకు ఆఫీసరు వచ్చి చూస్తారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కదానికి తాగునీటి బావి మంజూరై ఉంది, ఏ ఊరికన్నది ఆయన ఇంకా తేల్చలేదు. ఈ సంగతి మాకూ తెలుసు, పల్లెల వాళ్లకూ తెలుసు.

నా వంతుకు పానగల్ దాటాక వచ్చే ఒక చిన్న పల్లె వచ్చింది. ఊరి నడుమ రాతి ఒరలతో, గిరకలతో, నిండు నీళ్లతో పెద్ద బావి. ఊరి అంచున, ఆ బావికి నూటయాభై అడుగుల్లోనే, కూలినాలి చేసుకునే వాళ్ల వాడ. కానీ వాడ వాళ్లు ఆ బావిలో చేద వేయకూడదు. ఎవరికైనా దయ కలిగి పైనుంచి పోస్తే పట్టుకోవాలి, కలగకపోతే ఊరి కింది వాగు దాకా నడిచి, ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో ఎత్తి కడవ నింపుకోవాలి. వాడలో ఒకామె నన్ను అన్నిచోట్లకూ తిప్పి చూపింది. మా అమ్మకంటే పెద్దది, నేను పెద్దమ్మా అని పిలిచాను. అలా పిలిచినందుకు ఆమె ఒక క్షణం ఆగి నా మొహం చూసింది. వచ్చేటప్పుడు, "మా చెలిమె గూడ రాసుకో బిడ్డా, మరిచేవు" అంది. రాసుకున్నాను. మరవలేదు. మరిచినా అంత తప్పయ్యేది కాదేమో.

ఇక పటం గీయడానికి కూర్చుంటే నాలోని అంగడి లేచి కూర్చుంది. పెద్ద బావిని నీలంతో నింపి, గిరకలు, ఒరలు, మెట్లతో సహా కాగితం నడిమధ్యన గీశాను. పొలాల్లోని మోటబావులు రెండు, కాస్త చిన్నగా, రెండు పక్కలా. చెలిమె ఎంతైనా ఇసుకలో గుంట, నిగనిగలాడదు. పైగా ఊరి పరువు నలుగురిలో తీయడమెందుకనిపించింది. అందుకని కింది మూలన ఒక చుక్క పెట్టాను. తాలు కాయ అడుగుకు పోయింది.

మొదటి రోజు ఆఫీసరు వచ్చి ఒక్కొక్క పటమే చూస్తూ నా దగ్గర ఆగారు. నా గుండె ఉబ్బింది. "శభాష్, మంచిగ గీసినవమ్మా. ఈ ఊరికి నీళ్ల ఫికర్ లేదన్నట్టు" అని చేతిలోని పుస్తకంలో ఏదో కొట్టివేసి ముందుకు సాగారు. వెనకే ఉన్న డ్రాయింగు సారు నా పటం వైపు చూసి, చెవి మీది పెన్సిలు తీసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నారు.

అప్పటికింకా నాకు ఏం జరిగిందో పూర్తిగా తెలియలేదు. తెలిపింది పెద్దమ్మ. వాడ ఆడవాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని, తలకు నూనె రాసుకుని, ఎండలో నడిచి వచ్చింది, వాళ్ల ఊరి పటం చూడటానికి. చాలాసేపు చూసింది.

"బావి మంచిగున్నది. మా కడవ ఏడున్నది బిడ్డా గిండ్ల?"

నేను మూలన చుక్క చూపించాను.

"గదా? ఈగ వాలిందనుకున్న" అని కొంగుతో విసిరి చూసింది. పక్కనున్న ఆమె కిసుక్కున నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు, తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది, తిట్టుకు జవాబు చెప్పడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే.

సారు దగ్గరికి పరుగెత్తి ఇంకొక కాగితం ఇమ్మని బతిమాలాను. మనిషికొక్కటేనన్నారు. నా తరువాతి రెండు అభ్యాసాల కాగితాలు ఇప్పుడే ఇచ్చేయండి, అవి పలక మీద చేస్తానన్నాను. ఆఫీసరు డాక్ బంగళాలో దిగారు, రేపు మధ్యాహ్నం దాకా ఉంటారు, ఆ లోపల చేస్తానన్నాను. ఆయన కాగితమిచ్చి ఒక షరతు పెట్టారు. "బావి మాత్రం గీయొద్దు. నీళ్లు అందరికీ కనవడుతయి. నడక కనవడేటట్టు చెయ్యి, చూద్దాం."

నడక ఎలా గీయాలో నాకు తోచలేదు. తోచనప్పుడు మనిషి తనకు తెలిసినదాన్నే పట్టుకుంటాడు. మా ఇళ్లలో పొట్లాలు కట్టే సుతిలి తాడు ఒక్క మూర కూడా పారేయకుండా ఉండ చుట్టి దాచడం ఉంది. మేనమామ ఇంట్లో కొబ్బరికాయంత ఉండ దొరికింది. అది పట్టుకుని పెద్దమ్మ వాళ్ల వెంటనే పల్లెకు బయలుదేరాను. ఒక్కొక్క వీధినుంచి వాళ్లు నీళ్లు తెచ్చుకునే చోటికి నడవడం, నూరు అడుగులకొక జాన సుతిలి కొలిచి ముడి వేయడం, ఇదీ నా ఉపాయం. నడిమి వీధికి ఒక్క ముడి కూడా పడలేదు. కుమ్మరుల వీధికి రెండు పడ్డాయి. తరువాత వాడనుంచి పెద్దమ్మ ఖాళీ కడవతో ముందు, నేను వెనక.

ముడి వేయడానికి నేను ఆగినప్పుడల్లా వెనక వచ్చే ఆడవాళ్లు వేళాకోళం చేశారు. "సావుకారి బిడ్డ బాటతోని గూడ బేరం చేస్తాంది సూడుండ్రే!" "నువ్వు ముడి ఏసేదాంక ఆగితే మా పొయ్యి ఆరిపోతది, నడువు తల్లీ!" పెద్ద బావి పక్కనుంచే నడిచాము. ఎవరూ ఆగలేదు, బావి వైపు తల కూడా తిప్పలేదు. వాగు చేరేసరికి ఇరవై రెండు ముడులు. మా ఇంట్లో పెరట్లోనే బావి, నేను పుట్టి బుద్ధెరిగి తలమీద కడవ ఎత్తుకోలేదు. తిరుగుదారిలో ఒక్కసారి ఎత్తుకుంటానన్నాను. పది అడుగులకే సగం నీళ్లు నా జాకెట్టు తాగింది. పెద్దమ్మ కడవ లాక్కుని, "నువ్వు తాడే పట్టుకో బిడ్డా, నీళ్లు పిరం" అంది. పిరమంటే ఖరీదెక్కువని అంగడి బిడ్డకు చెప్పాలా?

వాడ చేరాక పెద్దమ్మ గుడిసెలో కాగితం పరిచి చూస్తే నా తల తిరిగింది. మిగతా వీధుల సుతిలి కాగితంలోనే ఒదిగింది. వాడ సుతిలి కాగితం దాటి గుమ్మం దాటి పోతోంది. నాలోని బేరగత్తె మళ్లీ లేచింది. ఆ ఒక్కదానికే నూరుకు బదులు అయిదు నూర్లకొక ముడి అనుకుంటే కాగితంలో చక్కగా పట్టేస్తుంది, మడతలు మడతలుగా అంటించవచ్చు, అందంగానూ ఉంటుంది. పెద్దమ్మకు చెప్పి చూశాను, కొంచెం తగ్గించుకుందామని.

"నడిచేటప్పుడు తగ్గిందా బిడ్డా?"

నా జన్మలో ఎన్ని బేరాలు ఆడానో నాకే లెక్క లేదు. ఓడిపోయింది ఆ ఒక్కదాంట్లోనే.

మర్నాడు పొద్దున్నే సారు ఆ పటాన్ని చూసి వరండా మొదట్లో తానే మేకు కొట్టి వేలాడదీశారు. తెల్ల కాగితం మీద రంగు లేదు, బొమ్మ లేదు. చింతగింజలు అంటించి వీధులు చూపాను, పెద్ద బావి చోటు తెలియడానికి ఒక చిన్న గుండ్రం, అంతే. వాడ దగ్గర మొదలైన సుతిలి ఆ గుండ్రాన్ని రాసుకుంటూ పోయి, కాగితం అంచు దాటి, గోడ మీదుగా జారి, వరండా గచ్చు మీద బారెడు బారెడు పరుచుకుంది. మా తోటి పిల్లలు, అంటించడం రాక జారిపోయిందని నవ్వారు. పెద్దమ్మ పొద్దుటే వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ఆఫీసరు వచ్చారు, పక్కనే బహుమతులు పంచడానికి నేను పటం గీసిన పల్లె పటేలు కూడా. నిన్న చూసినవే గదా అన్నట్టు మాటల్లో పడి నడుస్తున్న ఆఫీసరు బూటుకు సుతిలి చుట్టుకుంది. ఆయన విసుగ్గా వంగి విడదీసుకుని, ఇదెక్కడిదని చేతిలో పట్టుకుని, ముడి వెంట ముడి, గచ్చు మీదనుంచి గోడ దాకా, గోడనుంచి కాగితం దాకా వచ్చారు. కాగితం మీద ఆయన వేలు గుండ్రం దగ్గర ఆగింది.

"బావి పక్కకెల్లే పోయింది గద తాడు, ఇక్కడెందుకు ఆగలే?"

నేను సారు వైపు చూశాను. సారు పటేలు వైపు చూశారు. పటేలు తన కండువా అంచు చూసుకున్నారు. చివరికి పెద్దమ్మే లేచి నిలబడి, "ఆగితే ఎవలు పోస్తరు దొరా?" అంది.

ఆఫీసరు పుస్తకం తెరిచి, నిన్న కొట్టివేసినచోట మళ్లీ రాశారు.

మరుసటి వేసవి రాకముందే వాడలో బావి పడింది. బండ తగిలిందట, అయినా అయిదు నిలువుల్లో నీళ్లు పడ్డాయట. చూడటానికి పోతే పెద్దమ్మ చెంబు నిండా తోడి ఇచ్చింది. కొంచెం ఉప్పన. ఆ సుతిలి ఏమైందంటారా? ప్రదర్శన అయిన రోజునే నన్నడిగి విప్పుకుని పోయింది. నేను బావి చూడబోయేసరికి అది ఆమె గుడిసె మీదికి ఆనిగెపు తీగను, అదే సొరతీగను, పాకిస్తోంది, ముడులతో సహా. సుతిలి లేని పటానికి సారు ముప్పయికి పన్నెండు వేశారు, బొమ్మ లేనిదానికి డ్రాయింగు మార్కులు ఎక్కడినుంచి తేవాలమ్మా అని. నేను బేరమాడి పధ్నాలుగు చేయించుకున్నాను. పుట్టుబుద్ధి!

ఇదంతా చెబితే మనవరాలు బుద్ధిగా విని, ఆ మూల చుక్క మీద వేళ్లు పెట్టి సాగదీసింది. చుక్క గుండ్రమైంది, గుండ్రం తెరంతా నిండింది. ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు అమ్మమ్మా అంది. వేళ్లు తీయగానే మళ్లీ చుక్కయింది. పిల్ల తెలివైనదే, దాని చేతిలో ఉన్న సదుపాయంలో నూరో వంతు మాకు లేదు. ఇప్పటి పటాలకు అంచే లేదు, ఎంత పొడుగు నడకైనా అరచేతిలో ఇమిడిపోతుంది. కాకపోతే గచ్చు మీదికి జారదు, దారిన పోయేవాళ్ల కాలికి చుట్టుకోదు.