బాషాగారికి పలచన పడదు

హుస్సేన్ బాషాగారికి లోకంలో పడనిది ఒక్కటే: పలచన. హార్బరు పక్క ఆసుపత్రిలో ఆయన మత్తు డాక్టరు. క్యాంటీన్‌లో పెరుగు గిన్నె ఇస్తే ముందు బోర్లిస్తారు. జారకపోతే తింటారు. జారితే వెళ్లి చొక్కా మార్చుకొస్తారు.

"అది పెరుగు బాబూ, సిమెంటు కాదు!" అంటాడు క్యాంటీన్ వీర్రాజు.

"నీళ్లు పోస్తే గిన్నె నిండుతుందిగానీ అందులో పెరుగు ఎక్కువవుద్దా?"

పప్పు, టీ, సముద్రం మీంచి కిటికీలోకి నడిచొచ్చే మంచు, దేన్నీ వదలరు. "మా చిన్నప్పటి మంచేనా ఇది?" అని నిట్టూరుస్తారు. కొత్తగా చేరిన డాక్టరు యశస్వినికి ఆయన్ని చూస్తే నవ్వాగేది కాదు.

ఆ మధ్యాహ్నం మాత్రం నవ్వు రాలేదు. రేవులో గొలుసు తెగి కాలు నలిగిన జగ్గారావుని తెచ్చారు. చాలా రక్తం పోయింది. బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం వచ్చేలోగా యశస్విని పిండిపదార్థంతో చేసిన ద్రవం ఎక్కించింది. అల మీద పడవలా బీపీ లేచింది. సంబరంలో ఇంకో సీసా, ఆపైన మరోటి. బీపీ బాగుంది. కానీ సర్జన్ వేసిన ప్రతి కుట్టు చుట్టూ రక్తం ఊరుతూనే ఉంది.

బాషాగారు సీసాలు చూశారు. "ఇది నాళాల్ని నింపుద్ది బేటా. గడ్డకట్టించే సరుకుని మాత్రం పలచన చేసేస్తది, మిగిలినదాన్నీ సరిగా పనిచేయనివ్వదు. ఆపెయ్. ఆ సరుకుండే ప్లాస్మా తెప్పించు."

"నావల్లే కదా సార్?" ఆమె చేతులు వణికాయి.

ఆయన జగ్గారావు రక్తం కొంచెం గాజు గొట్టంలోకి తీసి ఆమె పిడికిట్లో పెట్టారు. "చల్లబడనివ్వకు. మధ్యమధ్య వంచి చూస్తుండు."

కిటికీ అవతల ఓడ ఒకటి నీళ్లు మరిచిపోయినట్టు ఆకాశంలో నిలబడి ఉంది. ఆమె వంచింది. ఎరుపు నీళ్లలా జారిపోయింది. ప్లాస్మా ఎక్కాక ఇంకో గొట్టం ఇచ్చారు. ఈసారి పిడికిలి విప్పడానికే భయమేసింది. మెల్లగా వంచింది. కదల్లేదు. బోర్లించింది. ఎరుపు గాజుకి చెంప ఆనించి నిద్రపోతోంది.

బయట జగ్గారావు భార్య గంగాలమ్మ ఎదురొచ్చింది. "ఏటైనాది బాబూ? బతుకుతాడా?"

"బతుకుతాడమ్మా. వచ్చినప్పుడు గుండెకి రక్తమే అందట్లేదు, నిలబెట్టింది ఈ పిల్లే," అని చెప్పి బాషాగారు క్యాంటీన్ వైపు వెళ్లిపోయారు.

నర్సు కుసుమకుమారి ముసిముసిగా నవ్వింది. "రక్తం గడ్డకడతందని ల్యాబు మెషీను ఎప్పుడో సెప్పేసింది మేడమ్."

"మరి ఈ గొట్టం ఏటికి?"

"ఒణికే సేతులకి ఏదో పనుండాలి కదా! కొత్తలో నానూ పట్టుకున్నాను."

యశస్వినికి నవ్వొచ్చింది. పిడికిలి మాత్రం విప్పలేదు. గొట్టం ఇంకా వెచ్చగానే ఉంది.