బొమ్మలోంచి చిన్నాయనను తీసేశాను

మా చిన్నాయన పని ఊడగొట్టింది నేను. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నా ముఖం మీద అనలేదు. అని ఉంటే దులుపుకొని పోయేదాన్నేమో. అనలేదు కాబట్టే ఇప్పుడు నేను అంటున్నాను.

మాది కోరుట్ల. ఇంటర్ అయ్యాక జగిత్యాలలో డిగ్రీ చేద్దామనుకున్నాను. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో పడొచ్చు. కానీ ఇంటర్నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో, సిరిసిల్ల కాలేజీని అన్నిటికన్నా పైకి ఎక్కించాడు. సీటు అక్కడే వచ్చింది. గ్రూపు మాత్రం నేను కోరుకున్నదే, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. అదేం చదువని అడిగిన వాళ్లందరికీ మా అమ్మ "కంప్యూటర్" అని ఒక్క ముక్కలో చెప్పేది. నన్ను హాస్టల్లో వెయ్యాలంటే భయం, ఇంట్లో కూర్చోబెట్టాలంటే బాధ. బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు ఏడ్చింది. చివరికి సిరిసిల్లలో ఉండే మా చిన్నమ్మ ఫోన్ చేసి, "గీ ఇల్లు నీది గాదా అక్కా? పిల్లను తోలియ్యి" అంది. అట్లా మూడేళ్లు వాళ్ల తిండి తిన్నాను.

మా చిన్నమ్మ భర్త, అంటే మా చిన్నాయన, ఒక కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. ఇరవై ఏళ్లకు పైగా నడిపాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి, ఆ దూదికి ఊపిరాడని దమ్ము పట్టుకుంది. ఇక నిలబడి నడపడం చేతకాలేదు. అయినా కార్ఖానా ఓనరు, సేటు, ఆయనను పనిలోంచి పంపించలేదు. పొద్దున్నే పోయి సాంచాల మధ్య తిరిగేవాడు. ఒక్కొక్క దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. "గిది ఆపుర్రి, బెల్టు వదులైంది" అనేవాడు. లేదంటే ఏమీ అనకుండా పక్కదానికి పోయేవాడు. అంతా తిరగడం అయ్యాక తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చునేవాడు. ఇదీ ఆయన పని.

ఆ పని అంటే ఆయనకు ఎంత గొప్పో చెప్పలేను. "నేను పొయ్యి ముట్టకుంటే ఒక్కటి సుత నడ్వది బిడ్డా" అనేవాడు. నేను ఊరుకునేదాన్ని కాదు. "అవు చిన్నాయనా, నువ్వు పోకుంటే సిరిసిల్ల మొత్తం బందైతది" అని ఎక్కిరించేదాన్ని. ఆయనకు సగమే వినపడేది. మెచ్చుకుంటున్నాననుకుని మీసం దువ్వుకునేవాడు. చిన్నమ్మ వంటింట్లోంచి నవ్వేది.

ఫైనలియర్‌లో మాకొక ప్రాజెక్టు ఇచ్చారు. నిజంగా పని జరిగే చోటికి పోయి, అక్కడ పని ఎట్లా నడుస్తుందో చూసి చార్టు మీద బొమ్మ గియ్యాలి. గుండ్రం అంటే ఒక పని. బాణం అంటే ఒక పని నుంచి ఇంకో పనికి పోయే సమాచారం. దాన్నే డేటా ఫ్లో డయాగ్రం అంటారు. మా క్లాసులో చాలామంది ఎవరికీ తెలియని మెడికల్ షాపు ఒకటి ఊహించుకుని, సీనియర్ల చార్టు చూసి దించేశారు. నేను అట్లా కాదు. నాకు ఫస్టు రావాలి.

కార్ఖానాలోకి నన్ను తీసుకుపోయింది చిన్నాయనే. ఉతికిన అంగీ వేసుకుని, సేటు ముందు చేతులు కట్టుకుని, "మా బిడ్డ కంప్యూటర్ సదువుతంది సేటూ. మన కార్ఖాన బొమ్మ గీస్తదట" అని పర్మిషన్ తీసుకున్నాడు. నాలుగు రోజులు నన్ను వెంట తిప్పాడు. నూలు ఎక్కడ దిగుతుంది, కండెలు ఎవరు చుడతారు, బట్ట ఎక్కడ మడతపెడతారు, అన్నీ చూపించాడు. పని చేసేవాళ్లను ఆపి మరీ నన్ను పరిచయం చేశాడు. నాకు సిగ్గేసింది. ఆయనకు వెయ్యలేదు.

బొమ్మలో ఆయనకొక గుండ్రం గీశాను. అన్ని సాంచాల నుంచి ఆ గుండ్రంలోకి బాణాలు పెట్టాను. బయటికి మాత్రం ఒక్కటీ పెట్టలేదు. ఆయన ఏదైనా నోటితోనే చెప్తాడాయె, ఎట్లా గియ్యాలో తెలియలేదు.

మా సారు నోరు మంచిది కాదు. ఒక్కొక్కరి చార్టు పైకెత్తి పట్టుకుని అందరి ముందు కడిగేసేవాడు. నా చార్టు వంతు వచ్చినప్పుడు ఆ గుండ్రం మీద వేలు పెట్టాడు.

"ఈయన ఎవరు? అన్నీ ఈయన దగ్గరికే పోతున్నయి, ఈయన దగ్గర నుంచి ఏం వస్తలేదు?"

"సాంచాలు చూసి చెప్తడు సార్."

"ఏడ రాస్తడు?"

"రాయడు సార్. నోటితోటే చెప్తడు."

"రాయకపోతే డేటా ఎట్లయితది? కూసొని తిని పోతడా? తీసెయ్. పెద్దమనిషి పెన్షన్ ఆఫీసుల ఉండాలె, సిస్టంల కాదు."

క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ గుండ్రం మా చిన్నాయనదని ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

ఆ వారమే లైబ్రరీలో మా టెక్స్టుబుక్కు కాకుండా ఇంకో పుస్తకం చూశాను. నోటిమాట కూడా సమాచారమేనని, దానికీ బాణం గియ్యొచ్చని అందులో స్పష్టంగా ఉంది. సారు చెప్పింది తప్పు. పుస్తకం తీసుకుపోయి చూపిస్తే ఏమయ్యేది? క్లాసు ముందు నన్ను ఉతికి ఆరేసేవాడు. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి. పుస్తకం మూసి షెల్ఫులో పెట్టేశాను. కొత్త చార్టు కొనుక్కొచ్చి, చిన్నాయన గుండ్రం లేకుండా బొమ్మంతా మళ్లీ గీశాను. ఇంతకుముందు కన్నా శుభ్రంగా వచ్చింది కూడా.

"సేటుకు సూపెట్టవా బిడ్డా?" అని చిన్నాయన వెంటపడ్డాడు. వద్దన్నా వినలేదు. చుట్టిన చార్టును నలగకుండా ఒక చేత్తో పట్టుకుని, ఒక చేత్తో టీవీఎస్ నడుపుతూ నన్ను కార్ఖానాకు తీసుకుపోయాడు.

సేటు చార్టును బల్ల మీద పరిచి వేలితో దారి పట్టాడు. నూలు, కండెలు, సాంచాలు, మడతలు. "మస్తు గీసినవ్ బిడ్డా" అన్నాడు. అంతా చూశాక తలెత్తి, "మీ చిన్నాయన ఏడున్నడు గిండ్ల?" అని అడిగాడు.

చిన్నాయన నా పక్కనే ఉన్నాడు. నవ్వుతూ ఉన్నాడు. నా చేతిలో పెన్ను ఉంది. మర్చిపోయినా సేటూ అని, ఒక మూల గుండ్రం చుట్టి ఉంటే అయిపోయేది. కానీ నేను క్లాస్ టాపర్‌ని కదా! నా తెలివి చూపించుకునే అవకాశం ఎక్కడ దొరికితే అక్కడ చూపించుకోవాలి కదా!

"ఆయనది సిస్టంల రాదు సేటూ. ఔట్‌పుట్ లేదు."

"అంటే?"

"అంటే, ఆయన ఉన్నా లేకున్నా ఫ్లో మారదు."

చిన్నాయనకు ఇది వినపడలేదు. సేటు నన్ను మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకా నవ్వుతున్నాడు. సేటు ఫోన్ తీసి చార్టును ఫొటో కొట్టుకున్నాడు.

వారం దాటకముందే సేటు ఆయనను పిలిచి, ఇంట్లో రెస్ట్ తీసుకొమ్మని చెప్పాడు. చిన్నాయన ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు. "సేటు దయగల్లోడే. దమ్ము తగ్గినంక రమ్మన్నడు." మూడు రోజులు రెస్ట్ తీసుకున్నాడు. నాలుగో రోజు అంగీ వేసుకుని పోయాడు. గేటు దగ్గరే ఆపి, మళ్లీ పిలిచేదాకా రావద్దన్నారట. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, చిన్నమ్మ మంచినీళ్లు ఇస్తే తాగి పడుకున్నాడు.

నేను సాంచాలు ఆగిపోవాలని ఎదురుచూశాను. నిజంగా మొక్కుకున్నాను. ఒక్కసారి కొండగట్టు గుడికి పోయి కూడా అదే మొక్కాను. ఒక్కటి ధడేల్‌మని విరగాలి, సేటు ఉరుక్కుంటూ వచ్చి చిన్నాయన చేతులు పట్టుకోవాలి, నా పాపం కడుక్కుపోవాలి. ఏమీ కాలేదు. ఒకసారి బెల్టు తెగిందట, మధ్యాహ్నానికల్లా వేసుకున్నారట. ఆయన ఉన్నప్పుడు కూడా బెల్టులు తెగేవి.

ప్రాజెక్టులో నాకే ఫస్టు వచ్చింది. ఆ తర్వాత సేటు కబురు పంపాడు. సాయంత్రాలు వచ్చి బట్ట స్టాకు కంప్యూటర్లో ఎక్కించాలట. పోనన్నాను. చిన్నమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది, "పో. ఇంట్ల ఒక్కలన్న పోవాలె గదా."

పోయాను.

ఆ గల్లీలోకి ఆటోలు రావు. చిన్నాయనే టీవీఎస్ మీద దింపేవాడు, చీకటి పడగానే వచ్చి తీసుకుపోయేవాడు. గేటు బయటే ఆగేవాడు. నేను బండెక్కగానే అడిగేవాడు, "మూలకున్న సాంచ ఎట్ల నడుస్తంది బిడ్డా? గది జర తిక్కది." మంచిగనే నడుస్తుందని చెప్పేదాన్ని. మర్నాడు మళ్లీ అదే. ఆ మర్నాడు మళ్లీ అదే. పరీక్షలు దగ్గర పడ్డాయి, నాకు తల పగిలిపోతోంది. ఒకరోజు ఒళ్లు మండి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"అన్ని మంచిగనే నడుస్తున్నయి చిన్నాయనా! నువ్వు లేకున్నా నడుస్తున్నయి! రోజు గిదే అడిగి నా పానం తియ్యకు!"

ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. చిన్నాయనకు ఆ రోజు ప్రతి అక్షరం వినపడింది. "అట్లనా" అని బండి స్టార్ట్ చేశాడు.

ఇంటికి పోయాక చిన్నమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆయన ముద్ద కలిపాడు గాని నోట్లో పెట్టుకోలేదు. నన్ను చూస్తూ అడిగాడు. కోపంగా కాదు, పాఠం అర్థం కానివాళ్లు అడిగినట్టు.

"మరి గిన్నేండ్లు నేనేం జేసినట్టు బిడ్డా? సదువుకున్నదానివి గదా, చెప్పు."

నాకు జవాబు తెలుసు, లైబ్రరీ పుస్తకంలో చదివాను. అది చెప్పాలంటే నేనేం చేశానో కూడా చెప్పాలి.

"నాకేం తెలుసు చిన్నాయనా" అన్నాను. కంచం ఎత్తుకుని చెయ్యి కడుక్కోవడానికి లేచాను.