బాయి కాడి ఇల్లు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అక్క ఒక్క మాటలో తేల్చేస్తుంది: "బొందలు ఎతుకుతది." మా జగిత్యాల వైపు గుంతను బొంద అంటారు. ఎదుటివాళ్ల మాట కొట్టిపారేయాలన్నా "నీ బొంద" అంటారు. నా చదువు విషయంలో అక్క రెండు అర్థాలనూ వాడుకుంది.

ఆమె చెప్పేది తప్పేం కాదు. ఉత్తరాదిన కొన్ని కొండల్లో నేల కింద జిప్సం ఉంటుంది. నీళ్లు తగిలితే అది పటికబెల్లంలా కరిగిపోతుంది. పైన ఇళ్లు, చేలు మామూలుగానే ఉంటాయి, కింద డొల్ల. నేల ఎక్కడ ఒక్కసారిగా కూలుతుందో, ఎక్కడ మెల్లగా కుంగుతుందో, ఎక్కడ ఇప్పటికి భయం లేదో చూసి మ్యాపు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వేయడం మా పని. యంత్రాలున్నాయి, ఉపగ్రహం ఫొటోలున్నాయి. అయినా ఏ ఇంటికి వెళ్లినా నేను ముందు అడిగేది ఒకటే: ఈ మధ్య తలుపు పట్టేస్తోందా? నేల కదిలితే మొదట చెప్పేది తలుపే. కొత్తగా చేరినవాళ్లకు ఈ ముక్క ఎంత గొప్పగా నేర్పేదాన్నో.

మొన్న వానాకాలం సెలవు పెట్టి ఎల్లారెడ్డిపేట దగ్గర అక్క వాళ్ల ఊరికి వెళ్లాను. బావ దుబాయ్‌లో పనిచేస్తాడు. అక్క ఏళ్ల తరబడి బీడీలు చుట్టి, కడుపు కట్టుకుని ఆ ఇల్లు లేపింది. ఆమెకంటూ ఉన్నది అదొక్కటే.

వంటింటి తలుపు పడటం లేదు. అక్క భుజంతో నెట్టి మూస్తోంది. నేను చూశాను. చూసి ఏమన్నాను? "వానకు చెక్క ఉబ్బిందక్కా, గీకిపియ్యి" అన్నాను. గురివింద గింజ సామెత నాలాంటిదాన్ని చూసే పుట్టి ఉంటుంది. మా దగ్గర అంతా గట్టి రాయి, జిప్సం లేదు, కాబట్టి నా బుర్రకూ సెలవే.

మర్నాడు పొద్దున వడ్రంగి చాచా వచ్చాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఊళ్లో సగం తలుపులు ఆయన చేసినవే. చిత్రిక బయటికే తీయలేదు. దారానికి గుండు కట్టి చౌకట్ పక్కన, అంటే తలుపు చట్రం పక్కన, వేలాడదీసి చాలాసేపు చూశాడు.

"రెండుసార్లు గీకిన బేటీ దీన్ని. తలుపు మంచిగనే ఉన్నది. చౌకట్ వాలింది. కింద జమీన్ జారుతున్నది" అన్నాడు నాతో.

నేను సిగ్గుతో అక్క వైపు తిరిగాను. "అక్కా, ఇల్లు కట్టకముందు ఈడ ఏముండె?"

"బాయి."

"నాకెందుకు చెప్పలే?"

"ఫోన్ల చెప్పిన గద, బాయి కాడ కడుతున్నమని."

చెప్పింది. మా వైపు "బాయి కాడ" అంటే చేను దగ్గర అని. బావులు ఎండి బోర్లు వచ్చినా, పొలానికి పోయే ప్రతివాళ్లూ బాయి కాడికే పోతారు. ఆమె నిజంగా బావి సంగతే చెబితే నేను చేను అనుకుని "మంచిగ గాలి అస్తది" అన్నాను. ఆ ఎండిన బావిని మట్టి, చెత్త, పాత మొద్దులు పోసి పూడ్చారు. పైన వంటిల్లు కట్టారు. అక్క రోజూ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది ఆ వంటింటి కిటికీ కిందే.

సామాను తీసేద్దామన్నాను. అక్క కదలలేదు. "నాలుగేండ్లసంది ఏం గాలే. నీ బొంద, ఈడికచ్చి గూడ బొందలేనా?" నాకు కోపం ముంచుకొచ్చింది, ఆమె మీద కాదు, చెక్క ఉబ్బిందన్న నా నోటి మీద.

చాచా వాదించలేదు. మరలు విప్పి తలుపు ఊడదీసి వాకిట్లో పెట్టాడు. "కొత్త చౌకట్ అయ్యేదాంక తలుపు లేదు. తలుపు లేని అర్రల ఎట్ల కూసుంటవ్ బేటీ? ముందటర్రల కూసో." ఈసారి అక్క లేచింది. గొణుక్కుంటూనే పొయ్యి, సిలిండరు, బీడీల చాట ముందు గదిలోకి తెచ్చుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం, వాన దంచుతుండగా, వెనక బస్తా దించినట్టు చప్పుడైంది. వెళ్లి చూస్తే కిటికీ కింద నేల లేదు. అక్క కూర్చునే పీట కూడా లేదు. ఆమె ఆ గుంతలోకి చూసి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లకు ఇంకా బీడీ ఆకు తడి ఉంది. ఆమె ఏడవలేదు. నేనే వెక్కి వెక్కి ఏడ్చాను.

వంటిల్లు పడగొట్టి బావిని రాళ్లతో నింపించాం. ముందు గదులు నిలిచాయి. నేను మళ్లీ కొండలకు వచ్చేశాను. ఫోన్ చేసినప్పుడల్లా అక్క ఎప్పటిలాగే "బాయి కాడ ఉన్న" అంటుంది.

"ఏ బాయి కాడ?" అంటాను.

"నీ బొంద, చేన్ల ఉన్ననే" అంటుంది. ఆ తిట్టు పడ్డాకే నాకు ఊపిరి ఆడుతుంది.