సయీదా పోగొట్టిన మూడో పేజీ

సయీదాకు ఖాళీలంటే పడదు. బస్సులో ఇద్దరి మధ్య జానెడు చోటు కనిపిస్తే చాలు, ఆమె వేలు బ్యాక్‌స్పేస్ కోసం వెతుకుతుంది. నరసరావుపేటలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా, జిరాక్స్ మిషను వేడి ఊపిరి పక్కన కూర్చుని పదిహేనేళ్లుగా ఆమె చేస్తున్నది ఒకటే పని. ఎవరో ఎక్కడో టైపు చేసుకొచ్చిన కాగితాల్లో చెల్లాచెదురైన మాటల్ని మళ్లీ దగ్గరకు చేర్చడం.

ఆ మంగళవారం బొల్లాపల్లి నుంచి చెన్నకేశవులు వచ్చాడు. అన్నదమ్ముల పొలం పంపకాల దస్తావేజును అల్లుడు టైపు చేసి ఫోనులో పంపాడు. పదకొండేళ్లు అలిగిన అన్న ఇవాళ సంతకానికి ఒప్పుకుని, ఆఫీసు అరుగు మీద కూర్చున్నాడు. రిజిస్ట్రేషన్ స్లాటు పన్నెండింటికి. అప్పటికే పదకొండున్నర.

"స్లాటు దాటితే మా అన్న మాచర్ల బస్సెక్కుతాడమ్మాయ్. మళ్లీ పదకొండేళ్లు!"

సయీదా ఫైలు తెరిచింది. మూడు పేజీలు. అల్లుడు ప్రతి వరుసనూ మధ్యలోనే విరిచి, రెండు అంచులకూ అందేలా సాగదీశాడు. హద్దుల వరుసలో "తూర్పు" ఒక గట్టున, "డొంక" ఇంకో గట్టున. మధ్యలో నాలుగు గేదెలు పడుకునేంత మైదానం.

ఆమె ఒక మీట నొక్కింది. తెల్లని చోటంతా చుక్కలు మొలిచాయి.

"ఇయ్యేంది?"

"ఖాళీలు బాబాయ్. ఒక చుక్కంటే ఒక ఖాళీ."

నలభై ఏళ్లు పత్తి వేసిన మనిషి కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. "ఓర్నీ! పాదుకు ఆరేడు గింజలేశాడు మా అల్లుడు! ఒక్కటుంచి పీకెయ్ తల్లీ."

పీకేసింది. విరుపులన్నీ తీసేసింది. మాటలు తూము వదిలిన నీళ్లలా కిందికి పారి, ఒకదాని పక్కన ఒకటి కుదురుకున్నాయి. ప్రింటు తీస్తే రెండు పేజీలు, ఇస్త్రీ చేసిన చొక్కాల్లా.

చెన్నకేశవులు లెక్కపెట్టాడు. వెనక్కి తిప్పి చూశాడు. బల్ల కిందా చూశాడు.

"మూడో పేజీ ఏదీ?"

"ఖాళీలు పోయినయ్ కదా, రెంటిలోనే పట్టింది."

"మా అన్నకు మూడని చెప్పాను. పొలం మూడో వంతు ఏమైందిరా అంటే ఏం చెప్పను?"

"పొలం ఎందుకు తగ్గుద్ది? నాలుగెకరాల ముప్పై సెంట్లు. ఇదిగో, చదువుకో."

"అంకె ఉందిలేమ్మా. చోటే తగ్గింది."

నాలుగు హద్దులూ గొంతెత్తి చదివి వినిపించింది. ఆయన తలాడిస్తూనే కాగితాల్ని అరచేతిలో తూచి చూశాడు. రోడ్డవతల నుంచి అన్న కేక: "ఒరేయ్, వస్తన్నావా? నన్ను బస్సెక్కమంటావా?"

పదకొండు యాభై రెండు.

సయీదా కళ్లు మూసుకుంది. పదిహేనేళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. వరుసకూ వరుసకూ మధ్య, తన చేత్తో తనే, ఖాళీ పెంచింది. మళ్లీ ప్రింటు తీస్తే మూడో పేజీ బయటికొచ్చింది, ఐదు వరుసలతో.

"చూశావా! ఎక్కడో ఇరుక్కుంది," అంటూ చెన్నకేశవులు పరుగెత్తాడు. ఆయన మరిచిపోయిన కళ్లజోడు పట్టుకుని సయీదా వెనకే రోడ్డు దాటింది.

అన్న వేలు తడి చేసుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఒక్క అక్షరం చదవలేదు. లేచి పంచె దులుపుకున్నాడు.

"చానా నీటుగా కొట్టాడురా మీ అల్లుడు," అని మెచ్చుకుంటూ తమ్ముడి భుజం మీద చెయ్యేసి లోపలికి నడిచాడు.